విక్టోరియా కాలపు మురికివాడల నవలలు: ఏది ముందు, ఏది తర్వాత?

విక్టోరియా రాణి కాలపు లండన్, మాంచెస్టర్ మురికివాడల మీద నవల చదవాలనుకుంటే పేర్లకు కొదవ లేదు. చిక్కంతా ఎంచుకోవడంలోనే. ఒకటి రెండొందల పేజీల్లో అయిపోతుంది, ఇంకొకటి ఎనిమిది వందలు దాటినా అవదు. ఒకదాన్నిండా లాంకషైర్ మిల్లు కూలీల యాస, ఇంకోదాన్నిండా లండన్ దొంగల మాటలు. క్లాసిక్ అని ఎవరో చెప్పారని మొదలుపెట్టి, వంద పేజీల దగ్గర చేతులెత్తేసి, మళ్లీ ఆ కాలం జోలికే పోనివాళ్లు చాలామంది. వాళ్లకు ఓపిక లేదని కాదు, ముందు పట్టుకోవాల్సింది కాక వేరేది పట్టుకున్నారు.

వీటిని పోల్చడానికి నేను చూసేది ఒక్కటే. నవలలో పేదవాడు ఆ వాడలోంచి ఎలా బయటపడ్డాడు? వీలునామా వల్లా, పెళ్లి వల్లా, ఓడెక్కి దేశం దాటా, చచ్చిపోయా, అసలు బయటపడనే లేదా? మధ్యలో రచయిత ఎంత ధర్మోపన్యాసం చేసినా, చివరికి తన మనిషికి చూపించిన దారిని బట్టే అతను దేన్ని నమ్మాడో తెలుస్తుంది. కాబట్టి కొన్ని ముగింపులు ఇక్కడ చెప్పక తప్పదు. మలుపుల మీదే నడిచే నవల ఒకటుంది, దాని కథ మాత్రం విప్పను.

ఇంకో తేడా కూడా ముందే చెప్పాలి. డికెన్స్, ఎలిజబెత్ గాస్కెల్, గిస్సింగ్, మారిసన్ రాసింది వాళ్లకు చరిత్ర కాదు, తమ కాలమే. సారా వాటర్స్, మిషెల్ ఫేబర్ 2002లో రాసినవి మాత్రం అచ్చంగా చారిత్రక నవలలు. పాతవాళ్లు కళ్లారా చూశారు గానీ చూసిందంతా రాయడానికి వీల్లేదు. ఒంటి సంగతులు, పడుపువృత్తి, ఇద్దరాడవాళ్ల మధ్య ప్రేమ లాంటివి డొంకతిరుగుడుగా చెప్పాల్సిందే. కొత్తవాళ్లకు ఆ కట్టడి లేదు గానీ, చదివి తెలుసుకుని రాయడం తప్ప దారి లేదు. ఆ కాలపు మనుషులు ఏం నమ్మేవారో కావాలంటే పాతవి, ఏం దాచేవారో కావాలంటే కొత్తవి.

ఆలివర్ ట్విస్ట్, బ్లీక్ హౌస్

ఎక్కువమంది మొదలుపెట్టేది 'ఆలివర్ ట్విస్ట్'తో. 1837లో, విక్టోరియా గద్దెనెక్కడానికి కొద్ది నెలల ముందు, పత్రికలో సీరియల్‌గా మొదలైంది. డికెన్స్ గురిపెట్టింది 1834 నాటి పేదల చట్టం మీద. సాయం కావాలంటే వర్క్‌హౌస్‌కి, అంటే పేదల్ని ఉంచి పని చేయించుకునే సర్కారు ఇంటికి, రావాలి. వచ్చాక అక్కడి బతుకు బయటి కూలివాడి బతుకు కంటే హీనంగా ఉండాలి, అప్పుడైతేనే జనం సోమరిపోతులు కారని ఆ చట్టం చేసినవాళ్ల లెక్క. మొగుణ్ణి ఒక వైపు, పెళ్లాన్ని ఒక వైపు, పిల్లల్ని ఇంకో వైపు పెట్టేవారు. నవలలో ఆ వర్క్‌హౌస్ భోజనం వివరం ఉంది: రోజుకి మూడు పూటలా పల్చటి జావ, వారానికి రెండుసార్లు ఒక ఉల్లిపాయ, ఆదివారం సగం రొట్టె. చాలా తేలిగ్గా, కొంచెం నవ్వుతూ చెబుతాడు. ఆ నవ్వులోనే ఉంది కోపమంతా.

ఆ మొదటి అధ్యాయాల కోసం, చివర్లో బెర్మండ్సీ దగ్గర జేకబ్స్ ఐలండ్ అనే మురుగు కాలవల మధ్య వాడలో హంతకుడు సైక్స్‌ని జనం తరిమే ఘట్టం కోసం ఈ నవల చదవచ్చు. సామాజిక మార్పు సంగతి తెలుసుకుందామని మాత్రం దీనితో మొదలుపెట్టకండి. వర్క్‌హౌస్‌లో పుట్టి పెరిగిన పిల్లాడు పెద్దింటి బిడ్డలా మాట్లాడతాడు. ఎందుకంటే నిజంగానే పెద్దింటి బిడ్డ. పుట్టుక రహస్యం బయటపడుతుంది, ఆస్తి కలిసొస్తుంది, బ్రౌన్‌లో గారు దత్తత చేసుకుంటారు. అదే వర్క్‌హౌస్‌లో ఆలివర్ నేస్తం చిన్నారి డిక్‌కి ఏ తాతా ఏ వీలునామా రాయలేదు, వాడు చచ్చిపోతాడు. ఈ లెక్కలో మంచి రక్తం ఉన్నవాడికే దారి. పిల్లలకి దొంగతనాలు నేర్పే ఫేగిన్‌ని ప్రతి పేజీలోనూ 'యూదుడు' అని పిలవడం ఇంకో ఇబ్బంది. ఒక యూదు మహిళ ఉత్తరం రాసి నిలదీశాక, 1867 ప్రచురణలో డికెన్స్ ఆ మాటల్ని చాలావరకు తీసేశాడు.

డికెన్స్‌దే కావాలంటే నా ఓటు 'బ్లీక్ హౌస్'కి. అందులో టామ్-ఆల్-అలోన్స్ అనే కూలిపోతున్న వీధి ఉంటుంది. అది ఎందుకు కూలుతోందంటే, దాని మీద ఛాన్సరీ అనే ఆస్తి తగాదాల కోర్టులో ఎప్పటికీ తెగని దావా నడుస్తోంది కాబట్టి. అంటే వాడ పాడవడానికి కారణం అక్కడి జనం బద్ధకం కాదు, పెద్దమనుషుల వ్యాజ్యం. ఆ వీధిలో తలదాచుకునే జో, రోడ్డు ఊడ్చి చిల్లర అడుక్కునే పిల్లాడు. వాడికి జ్వరం వస్తుంది, వాడి దగ్గర్నుంచి పనిపిల్లకి, పనిపిల్ల నుంచి కథ చెప్పే ఎస్తర్‌కి అంటుకుంటుంది. కలరా లండన్‌ని రెండుసార్లు ఊపేసి, 1848లో మొదటి ప్రజారోగ్య చట్టం వచ్చిన కొద్ది ఏళ్లకే, మురికివాడలో రోగం మురికివాడలోనే ఉండిపోదని కథగా చెప్పిన నవల ఇది. జోకి మాత్రం చావే దారి. నిడివి వల్ల దీన్ని మొదటి పుస్తకంగా చెప్పలేను.

మొదట చదవాల్సింది మేరీ బార్టన్

నన్నడిగితే 1848లో రచయిత్రి పేరు లేకుండా వచ్చిన 'మేరీ బార్టన్'తో మొదలుపెట్టాలి. ఎలిజబెత్ గాస్కెల్ మాంచెస్టర్‌లో ఒక యూనిటేరియన్ మతబోధకుడి భార్య. పేదల ఇళ్లకు వెళ్లిరావడం ఆమెకు మామూలు. 1845లో పసికొడుకు స్కార్లెట్ ఫీవర్‌తో పోయాక, ఆ దుఃఖంలోంచి తేరుకోవడానికి భర్త ప్రోత్సాహంతో రాయడం మొదలుపెట్టింది. ఆ మాంచెస్టర్ ఎలాంటిదో ఒక అంకె చెబుతాను. 1842లో ఎడ్విన్ ఛాడ్విక్ అనే అధికారి ప్రభుత్వానికిచ్చిన నివేదికలో మాంచెస్టర్ కూలి కుటుంబాల్లో చనిపోయినవారి సగటు వయసు 17 ఏళ్లు. పసిపిల్లల చావులు అంత ఎక్కువ. అదే రట్లండ్ పల్లెటూళ్ల కూలీలకు 38.

ఆరో అధ్యాయం ఒక్కటి చదివితే చాలు, ఈవిడ చేయి ఎలాంటిదో తెలిసిపోతుంది. పని పోయిన డావెన్‌పోర్ట్ అనే కార్మికుడు విషజ్వరంతో పడి ఉన్నాడని తెలిసి జాన్ బార్టన్, జార్జి విల్సన్ వెళ్తారు. ఇల్లంటే వీధి కింద నేలమాళిగ. కిటికీ అద్దాలు పగిలిపోతే గుడ్డపేలికలు కుక్కారు, పట్టపగలే చీకటి. ఇటుకల నేలలోంచి వీధి మురుగు ఊరుతుంటే ఆ తడిలోనే పిల్లలు దొర్లుతున్నారు. పొయ్యి నల్లగా, ఖాళీగా ఉంది. బార్టన్ ఇంటికెళ్లి తనకున్న మంచి కోటు, ఎరుపు-పసుపు పట్టు చేతిరుమాలు తీసుకెళ్లి తాకట్టు పెట్టి ఐదు షిల్లింగులు తెస్తాడు. తర్వాత విల్సన్ ఆసుపత్రి చీటీ కోసం మిల్లు యజమాని కార్సన్ ఇంటికి పోతాడు. విల్సన్ పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. అక్కడ వంటింట్లో మాంసం వేగుతున్న వాసన. బార్టన్, కార్సన్ ఇద్దరూ ఇచ్చింది ఒక్క రోగి కోసమే. కోటు తాకట్టు పెట్టినవాడు పేదవాడు, చీటీ ముక్కతో సరిపెట్టినవాడు ధనవంతుడు. ఆవిడ ఈ మాట ఎక్కడా అనదు, రెండు ఇళ్లూ పక్కపక్కన చూపించి ఊరుకుంటుంది.

ఇందులో పేదవాళ్లు జాలిపడాల్సిన బొమ్మలు కారు. చందాలేసుకుంటారు, సభలు పెట్టుకుంటారు, తగాదా పడతారు. కార్మికులకి ఓటుహక్కు కావాలని పోరాడిన చార్టిస్టులు 1839లో లక్షల సంతకాలతో పార్లమెంటుకి అర్జీ పట్టుకెళ్లారు. పార్లమెంటు దాన్ని చర్చకే తీసుకోనంది. ఆ బృందంలో జాన్ బార్టన్ కూడా ఉన్నట్టు గాస్కెల్ కథ అల్లింది. లండన్ నుంచి తిరిగొచ్చాక అతను మాటలు తగ్గించేస్తాడు. సమ్మెలో చర్చలకొచ్చిన బక్కచిక్కిన కార్మికుల్ని యజమాని కొడుకు హారీ కార్సన్ వెటకారంగా బొమ్మ గీసి పారేస్తాడు. ఆ కాగితం కార్మికుల చేతికి చిక్కుతుంది. దాన్నే ముక్కలు చేసి, ఒక ముక్క మీద గుర్తు పెట్టి చీట్లేసుకుంటారు, హారీని ఎవరు చంపాలా అని.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. సగం దాటాక నవల కోర్టు కేసు, ప్రేమకథల చేతికి పోతుంది. చివర్లో కొడుకుని పోగొట్టుకున్న యజమాని, చంపిన కార్మికుడు క్షమాపణల దగ్గర కలుసుకుంటారు. జీతాల తగాదాకి క్షమాపణ ఎలా సమాధానమవుతుందో గాస్కెల్‌కి కూడా నమ్మకం ఉన్నట్టు లేదు. అందుకే బార్టన్ కూతురు మేరీని, ఆమె ప్రేమించిన జెమ్‌ని ఓడెక్కించి కెనడా పంపేసింది. మాంచెస్టర్‌లో వాళ్లకు దారి దొరకలేదన్నమాట. ఆ ఊరి మిల్లు బట్ట మన కోస్తా చేనేత మగ్గాల్ని ఎలా దెబ్బతీసిందో తెలిసిన తెలుగు పాఠకుడికి, ఆ బట్ట నేసినవాళ్లు కూడా పస్తులున్నారని చూడటం ఒక వింత అనుభవం.

యాస భయం పెట్టుకోకండి. రెండు మూడు అధ్యాయాల్లో అలవాటవుతుంది. అయినా ఫుట్‌నోట్లున్న ఎడిషన్ తీసుకోవడం మేలు.

గాస్కెల్‌దే 'నార్త్ అండ్ సౌత్' (1854-55) చాలామందికి బీబీసీ 2004 సీరియల్ వల్ల తెలుసు. నవలగా ఇదే మెరుగైనది, ప్రేమకథా బావుంటుంది. కానీ మురికివాడ కోసం చదివేవారికి రెండో స్థానమే. కథ మార్గరెట్‌ది, మిల్లు యజమాని థార్న్‌టన్‌ది, పేదవాళ్లు పక్కన నిలబడతారు. ఆ పక్కన ఉన్నవాళ్ల కోసమైనా చదవాలి. ఊపిరితిత్తుల్లో దూది పేరుకుపోయి చచ్చిపోతున్న మిల్లు పిల్ల బెస్సీ చెబుతుంది: గాలిలో దూదిని లాగేసే చక్రం కొన్ని మిల్లుల్లో ఉందట, ఖరీదు ఐదారు వందల పౌన్లు, దానివల్ల లాభం రాదు కాబట్టి యజమానులు పెట్టించరు. కార్మిక భద్రత మీద ఇంత చిన్న జాగాలో ఇంత పెద్ద సంగతి చెప్పిన నవల నాకు వేరే తెలీదు. దారి? మార్గరెట్‌కి ఆస్తి కలిసొస్తుంది, ఆ డబ్బుతో మిల్లు నిలబడుతుంది. మళ్లీ వీలునామాయే.

గిస్సింగా, మారిసనా?

ఇక్కడే అసలు పోటీ. ఇద్దరూ శతాబ్దం చివరివాళ్లు. అప్పటికి 1870 విద్యా చట్టం వచ్చింది, పాత వాడల్ని కూల్చడానికి 1875లో చట్టం వచ్చింది. ఛార్లెస్ బూత్ లండన్ వీధి వీధీ తిరిగించి, ఏ వీధి ఎంత పేదదో రంగులేసి పటాలు గీయించాడు. లండన్ జనంలో 30.7 శాతం పేదరికంలో ఉన్నారని తేల్చాడు. ఇన్ని జరిగాక కూడా ఈ ఇద్దరి నవలల్లో పేదవాడికి దారి కనిపించదు.

జార్జి గిస్సింగ్ 'ద నెదర్ వరల్డ్' (1889) లండన్‌లోని క్లర్కన్‌వెల్‌లో జరుగుతుంది. నగల పనివాళ్లు, కాగితప్పూలు చేసే ఆడపిల్లలు, అద్దె గదులు. విడిపోయిన మొదటి భార్య లాంబెత్‌లో ఒక దరిద్రపు గదిలో 1888 ఫిబ్రవరి ఆఖరున చనిపోతే గిస్సింగ్ వెళ్లి చూశాడు. తర్వాత కొద్ది వారాల్లోనే ఈ నవల మొదలుపెట్టాడు. ఆ చలి పుస్తకమంతా ఉంటుంది. ముసలాయన మైకేల్ స్నోడన్ దగ్గర డబ్బుంది, దాన్ని మనవరాలి చేత పేదల సేవకి ఖర్చు పెట్టించాలని పంతం. డికెన్స్ అయితే ఆ డబ్బుతో అందర్నీ ఒడ్డున పడేసేవాడు. గిస్సింగ్ చేతిలో అదే డబ్బు అందరి బతుకులూ పాడుచేసి, చివరికి ఎవరికీ అక్కరకి రాకుండా పోతుంది. పాత గుడిసెల స్థానంలో కట్టిన కొత్త నమూనా ఇళ్ల బ్లాకుల్ని కూడా వదల్లేదు, సిపాయిల బారకాసులతో పోల్చి ఏవగించుకున్నాడు. ఆయనతో నా పేచీ ఒకటుంది. సెలవురోజున జనం క్రిస్టల్ పేలస్‌కి పోయి తాగి ఊగే అధ్యాయంలో జాలి కంటే అసహ్యమే ఎక్కువ. పేదవాడి సరదాని చూడలేని పెద్దమనిషి అక్కడ బయటపడిపోతాడు.

ఆర్థర్ మారిసన్ 'ఎ చైల్డ్ ఆఫ్ ద జాగో' (1896) షోర్‌డిచ్‌లోని ఓల్డ్ నికల్ అనే నిజమైన వాడ మీద రాసింది, పేరు మార్చి. అక్కడి చర్చి ఫాదర్ ఆర్థర్ ఆస్బోర్న్ జే పిలిస్తే వచ్చి చూసి రాశాడు. నవలలో ఫాదర్ స్టర్ట్ ఆయనే. మారిసన్ తనే ఈస్ట్ ఎండ్‌లోని పాప్లర్‌లో ఒక ఇంజను ఫిట్టర్ కొడుకుగా పుట్టి, ఆ సంగతి జీవితాంతం దాచుకున్నాడు. డిక్కీ పెరట్ అనే పిల్లాడి చిన్న దొంగతనంతో మొదలై, ఎక్కడా ఆగకుండా పోతుంది కథ. జాగోలోంచి బయటపడే దారుల గురించి ఒక ముసలాయన డిక్కీకి చెబుతాడు: జైలు, ఉరికొయ్య, లేదంటే దర్జాగా బతికే పెద్ద దొంగల గుంపులో చేరడం. చివర్లో కత్తిపోటు తిన్న డిక్కీ ఆ ముసలాయనకి ఫాదర్ చేత కబురు పంపుతాడు, ఇంకో దారి కూడా ఉంది, అది వీటికంటే మంచిది అని. అందుకే నా కొలత ఈ నవల దగ్గరే నేర్చుకున్నానని ఒప్పుకోవాలి.

రెండింట్లో ఏది? టైము తక్కువుంటే, కథ పరుగెత్తాలంటే మారిసన్. కానీ జాగోలో దాదాపు అందరూ దొంగలే, కూలిపని చేసుకుని బతికేవాళ్లు అరుదు. నిజమైన ఓల్డ్ నికల్‌లో మేదరులు కాకపోయినా అలాంటి చిన్న చిన్న పనివాళ్లు, కుర్చీలు చేసేవాళ్లు, అగ్గిపెట్టెలు అతికేవాళ్లు చాలామంది. నవల వచ్చినప్పుడే ఈ విమర్శ వచ్చింది. పేదవాణ్ణి పనివాడిగా చూడాలంటే గిస్సింగే నయం. చదవడం మాత్రం కష్టం, పేజీ పేజీకీ దిగులు.

ఓల్డ్ నికల్‌ని తర్వాత కూల్చేశారు. 5,700 మందికి పైగా ఇళ్లు ఖాళీ చేశారు. ఆ జాగాలో లండన్ కౌంటీ కౌన్సిల్ కట్టిన బౌండరీ ఎస్టేట్‌ని 1900లో యువరాజు ప్రారంభించాడు. అద్దెలు పాతవాళ్లకు అందలేదు, కొత్త ఇళ్లలోకి వాళ్లలో పట్టుమని డజను మంది కూడా రాలేదు. మిగతావాళ్లు చుట్టుపక్కల సందుల్లోకి పోయి అక్కడి ఇరుకుని ఇంకాస్త పెంచారు. కూల్చిన ఇళ్ల మట్టీ ఇటుకా పోగేసి మధ్యలో గుట్టలా చేసి, దాని మీద పార్కు పెట్టారు. ఇప్పటికీ ఉంది, ఆర్నల్డ్ సర్కస్ అంటారు. మారిసన్ చదివాక ఒకసారి మ్యాప్‌లో చూడండి. బూత్ గీయించిన రంగుల పటాలు కూడా ఉచితంగా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఓల్డ్ నికల్ మీద నలుపు, ముదురు నీలం.

ఈ కాలంలో రాసినవి

కథ విప్పనని మొదట్లో చెప్పిన నవల ఇదే, సారా వాటర్స్ 'ఫింగర్‌స్మిత్'. 1862, లండన్‌లో సదర్క్ ప్రాంతపు లాంట్ స్ట్రీట్. దొంగసొమ్ము కొనే మిస్టర్ ఇబ్స్, డబ్బు తీసుకుని అనాథ పసిపిల్లల్ని పెంచే మిసెస్ సక్స్‌బీ, వాళ్ల చేతుల్లో పెరిగిన సూ. తండ్రి అప్పులకి జైల్లో ఉన్నప్పుడు పిల్లాడు డికెన్స్ ఒంటరిగా అద్దెకున్న వీధి అదే, వాటర్స్ ఊరికే ఎంచుకోలేదు. కొరియా సినిమా 'ద హ్యాండ్‌మెయిడెన్' దీన్నుంచి తీసిందే. సినిమా చూసినా నవల చదవచ్చు, రెండో సగం వేరేగా పోతుంది. మురికివాడ ఇందులో జాలి పుట్టించే చోటు కాదు, వెచ్చటి ఇల్లు. భయంకరమైన చోటు ఊరిబయట పెద్దింటి గ్రంథాలయం.

మిషెల్ ఫేబర్ 'ద క్రిమ్సన్ పెటల్ అండ్ ద వైట్' అలాంటిది కాదు. లండన్‌లోని సెయింట్ జైల్స్ సందులోకి చేయి పట్టుకుని తీసుకెళ్తూ, జాగ్రత్త అని చెబుతూ మొదలవుతుంది. 1870ల మధ్య, షుగర్ అనే పందొమ్మిదేళ్ల వేశ్య, విలియం రాకమ్ అనే అత్తరు కంపెనీ వారసుడు. స్నానాలు, రోగాలు, గర్భం, మురుగు, దుస్తుల కింది దుస్తులు అన్నీ ఉంటాయి. షుగర్ బయటపడే దారి డబ్బున్న మగవాడు. ఆ దారిలో ఒక్కో మెట్టూ ఎక్కుతున్నకొద్దీ ఆమె చేతులు ఎలా కట్టేసినట్టవుతాయో ఫేబర్ చాలా ఓపికగా చూపిస్తాడు. ముగింపు ఒక్కసారిగా ఆగిపోతుంది, కొందరికి కోపం రావచ్చు. ఎనిమిది వందల పేజీలు చదివి ఇదేంటని అనుకునేవాళ్లు ముందే తెలుసుకుని దిగడం మంచిది. ఇంట్లో పదిహేనేళ్ల పిల్లలకి ఇవ్వదగ్గది కాదు. వాళ్లకైతే 'ఆలివర్'.

ఇవేవీ ఎక్కకపోతే, నవల పక్కన పెట్టి పాత్రికేయుడు హెన్రీ మేహ్యూ 'లండన్ లేబర్ అండ్ ద లండన్ పూర్' తెరవండి. 1849-50లో పత్రిక కోసం లండన్ వీధుల్లో తిరిగి బండ్లవాళ్లని, ఎలకలు పట్టేవాళ్లని, బూడిద ఏరేవాళ్లని మాట్లాడించి రాసుకున్నాడు. ఎనిమిదేళ్ల ఆకుకూరలమ్మే పిల్ల ఒకతి ఉంటుంది అందులో. ఆటబొమ్మల గురించి ఏదో అడగబోయి, ఆ పిల్ల పెద్దమనిషిలా బేరాల లెక్కలు చెబుతుంటే మేహ్యూకి ఏం మాట్లాడాలో తోచదు. ఎక్కడ తెరిచినా చదవచ్చు, వరస అక్కర్లేదు.

పాత నవలలన్నిటికీ కాపీరైట్ గడువు తీరింది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితం, లిబ్రివాక్స్‌లో వినొచ్చు కూడా. యాస ఎక్కువున్న మారిసన్ చెవితో వింటే తొందరగా అర్థమవుతుంది. 'బ్లీక్ హౌస్' మాత్రం ఒక్క ఊపున పూర్తిచేయాలని కూర్చోకండి. 1852 మార్చి నుంచి 1853 సెప్టెంబరు దాకా నెలకి మూడు నాలుగు అధ్యాయాల చొప్పున వచ్చిన పుస్తకం అది, వారానికి అన్నేసి చదివినా ఐదు నెలల్లో అయిపోతుంది.